ఎక్స్‌-10 కార్డు ఆత్మకథ

ఎంప్లాయ్‌మెంట్ కార్డంటే ఏమిటో నాయుడుపేటలో ఒక తరం వాళ్లకి వివరించనక్కర్లేదు. ఆఫీసు ఫారాల్లో దాని పేరు ఎక్స్‌-10. తోడబుట్టిన ఎక్స్‌-1 కార్డు నెల్లూరులోని జిల్లా ఉపాధి కార్యాలయం సొరుగులో ఉండిపోతే, ఇది పేరు నమోదు చేయించుకున్న అమ్మాయి చేతిలో గూడూరు మీదుగా ఊరికొచ్చింది. డిగ్రీ సర్టిఫికెట్‌తో పాటు పెట్టె అడుగున ఉన్న ఈ కార్డు తన కథ తానే చెబుతోంది.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఇళ్లకు చేరే సిపాయిలకు పని చూపడానికి 1945లో పెట్టిన శాఖ దీని పుట్టిల్లు. తర్వాత అది నిరుద్యోగులందరిదీ అయింది. ప్రభుత్వ సంస్థలూ, 25 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలూ ఖాళీలను ముందుగా ఉపాధి కార్యాలయానికి, అంటే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి తెలపాలని 1959లో చట్టం వచ్చింది. తెలపమంది గానీ, అక్కడ పేరున్నవాళ్లనే తీసుకోమనలేదు. నిరుద్యోగికి జరిగిన పెద్ద లోటు ఇదేనని ఈ కార్డు ఒకప్పటి నమ్మకం.

సీనియారిటీయే దీని ప్రాణం. మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. గడువు దాటితే సీనియారిటీ పోతుంది. పొలం పనులున్నా, పురుడొచ్చినా తేదీ ఆగదు. అందుకే ఆ ఇంట్లో క్యాలెండరు మీద ఆ నెల చుట్టూ ఎర్రసిరా గీత ఉండేది. కాల్ లెటర్ కోసం పోస్ట్‌మ్యాన్‌ను అడగని వారం లేదు.

ఈ కార్డుల విలువను తేల్చిన రెండు కేసులూ తెలుగునేల మీదివే. ప్రభుత్వోద్యోగాలకు ఎక్స్ఛేంజి పంపిన వారినే పిలవడం తప్పు కాదని 1987లో హరగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాలపై వచ్చిన విశ్వేశ్వరరావు కేసులో మాట మారింది: ఎక్స్ఛేంజిని అడగడంతో సరిపెట్టకుండా పత్రికల్లో, రేడియోలో కూడా ప్రకటించాలి, అర్హులందరినీ పరిశీలించాలి అంది. కార్డు దొరకని వాళ్లకి అది న్యాయం. తన విలువ తగ్గినా ఈ కార్డు ఆ తీర్పు పక్షమే.

ప్రైవేటు గేటు దగ్గర మాత్రం ఆ సమానత్వం పలచబడుతుంది. అందరికీ సమాన అవకాశం ఇవ్వాలనే రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాలకే వర్తిస్తుంది. నియామకాల్లో ఆడవాళ్లపట్ల వివక్ష చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టం చెప్పినా, ఈ కార్డు యజమానురాలిని ఒకచోట మొదట అడిగింది, "పెళ్లయిందామ్మా?" అని. డిగ్రీ గురించి ఎవరూ అడగలేదు.

2022 ఏప్రిల్ 4న నాయుడుపేట తిరుపతి జిల్లాలో చేరింది. ఆఫీసు మారింది, నమోదు ఆన్‌లైన్‌కి వెళ్లింది. చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి. వాటిలో ఖాళీల సంగతి కాంట్రాక్టరు చెవికి చేరినంత త్వరగా పక్క పల్లె ఆడపిల్లకు చేరదు. ఏ ఉద్యోగం, ఎంత జీతం, ఏ అర్హత అన్నది తెలుగులో రాసి ప్రతి ఫ్యాక్టరీ గేటు బయటా, పంచాయతీ ఆఫీసులోనూ అంటించేలా ఉపాధి శాఖ పట్టుబట్టాలి. చదివిన ప్రతివాళ్లూ ఆ కాగితం ఏదని అడగాలి.