తలకోన వచనము: టీకా తాత్పర్య సహితము

అవతారిక: ముత్తుకూరు రొయ్యల గుంటల గట్టున కాపురముండు ఒకానొక కవి శనివారము రాత్రి వాట్సాప్ గుంపులో వెలయించిన వచనమిది.

మూలము: "రేపు తెల్లారి మూడింటికి బండి. తలకోన. పులిహోర మనదే. జంతువులు కనపడతాయి."

టీక:

తెల్లారి మూడింటికి = మూడు గంటలకు తెల్లవారుటేమి? విరోధము. పరిహారము: తెల్లవారక మునుపు గుంట నీటిలో ఆక్సిజన్ అడుగంటును. ఆ వేళ ఏరియేటర్లు ఆగినచో రొయ్యలు పైకి తేలును. కావున రొయ్య రైతుకు మూడు గంటలే ఉదయము. విరోధాభాసాలంకారము.

బండి = తొమ్మిది సీట్లు గలది; లక్షణచే పద్నాలుగు మందిని మోయునది. శ్రీకాళహస్తిలో టీకి, తిరుపతిలో టిఫిన్‌కు, భాకరాపేటలో ఊరకే ఆగునది అని శేషము.

తలకోన = తల యనగా మొదలు, కోన యనగా కొండల నడిమి లోయ. శేషాచలపు కొండలలో, 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ వనమున 270 అడుగుల ఎత్తు నుండి నీరు దుముకు చోటు. ఇది ఏడాది పొడుగునా తడిసియుండు వానకారడవి యని కొందఱు. అది పొసగదు. ఈ కొండలు చాలవఱకు ఎండకు ఆకు రాల్చునవే, ఎర్రచందనమునకు పుట్టినిల్లు. కోన లోపల నీటిపట్టున మాత్రము నీడ చిక్కబడును, గిల్లతీగ లావుగా చెట్ల మీద ప్రాకును.

పులిహోర = ఈ యాత్రలో తప్పక దొరకు పులి.

మనదే = ఏవకారముచే ఇతరులకు లేదని నిషేధము. కోతులు వ్యాకరణమును లెక్కింపవు. డబ్బా మూత తీసిన క్షణమున నిషేధము చెల్లకపోయెను.

జంతువులు కనపడతాయి = చిరుత, ఎలుగుబంటి, బంగారు బల్లి మొదలగునవి. "ఎవరికి?" అని ఆకాంక్ష. పద్నాలుగు మంది, మూడు ఫోన్లలో మూడు పాటలు మ్రోగుచుండ నడచినవారికి బెట్టుడుత తోక మాత్రమే, అదియు అర నిమిషము.

తాత్పర్యము: అడవి చూడబోయి ఒకరి వీపు ఒకరు చూచుకొనుచు కొండ యెక్కి, జలపాతమున తడిసి, ఆకలితో దిగిరి.

విశేషము: తిరుగు దారిలో టైరు గాలి దిగి చీకటి పడెను. జాకీ కొఱకు కవి టార్చి వేయగా పక్క కొమ్మపై రెండు ఎర్రని నిప్పుకలు. పాటలు ఆగినవి. "రొయ్య కన్ను మాదిరుందే అన్నా," అనెను కవి. రాత్రి గుంటపై వెలుగు వేసినచో రొయ్య కనబడదు, దాని కన్నే కనబడును గదా. అది దేవాంగపిల్లి యని అటుగా వచ్చిన అటవీశాఖ కాపలాదారు మెల్లగా చెప్పెను. పొద్దుటి నుండి ఇట్టి కన్నులెన్ని మనపై నిలిచినవో!

పాఠాంతరము: "జంతువులకు కనపడినాం." ఇదియే గ్రాహ్యము. కవి తానే ఈ సవరణను మఱునాడు తెల్లారి మూడింటికి గట్టు మీది నుండి పంపెను. అప్పటికి గుంపులో ఎవరును మేలుకొని లేరు, గుంటలో రొయ్యలు తప్ప.