లోడు పెంచకుండా గీజరు బిగించుకునే పద్ధతి

అమెరికాలో ఉన్న చిన్నోడు ఫోన్ చేసి, ఇంటి వెనక బోర్లు వేయించి భూమిలోంచి వేడి తోడుకుంటున్నామనీ, అందుకోసం కరెంటు ప్యానెల్‌ను 200 ఆంపియర్లకు పెంచామనీ చెప్పి ఉంటాడు. దంతాలపల్లిలో కూర్చుని మీరు చిన్నబుచ్చుకోవద్దు. 240 వోల్టుల దగ్గర 200 ఆంపియర్లంటే 48 కిలోవాట్లు. మన లెక్కలో 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు రెండు. వాడు అడిగి, పర్మిషన్ తీసుకుని, డబ్బు కట్టి పెంచుకున్నాడు. మనకు అంత తతంగం అక్కర్లేదు.

భూమి వేడి మనకు కొత్తేం కాదు. మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి వాళ్లు బొగ్గు కోసం బోరు వేస్తే వేడినీళ్లు తన్నుకొచ్చాయి. వాటితో కరెంటు తీయడానికి 20 కిలోవాట్ల ప్రయోగం కూడా మొదలుపెట్టారు. మన దగ్గర అంత వేడి లేదు గానీ, చలికాలం పొద్దున మోటరు వేస్తే బోరునీళ్లు గోరువెచ్చగానే పడతాయి. కొన్ని మీటర్ల లోతున నేల ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే వేడి మీద ఉంటుంది మరి. చిన్నోడి మిషన్ ఆడేది ఈ కిటుకు మీదే. కాబట్టి ముందు ఈ ఉచిత వేడిని వదిలించుకోవాలి. రాత్రి పడుకునే ముందే మోటరు వేసి మిద్దెమీది ట్యాంకు నింపండి. తెల్లవార్లూ మంచుకు చల్లారనివ్వండి. అయిదింటికి లేచి అవే నీళ్లను గీజరుతో కాచుకోండి.

ఇక గీజరు. 2 కిలోవాట్లది తెచ్చుకోండి. కరెంటు బిల్లు మీద మీ లోడు 1 కిలోవాట్ అని ఉంటే ఆ మూలను మడిచి పెట్టండి. మన ఊరు 2016లో మండల కేంద్రమైంది, ఇళ్లు మిద్దెలయ్యాయి. సర్వీస్ వైరు మాత్రం నర్సింహులపేట మండలంలో ఉన్ననాటిది. దాన్ని కదిలించడం పెద్దలను అవమానించినట్టే. ఎక్కువ లోడు రాయించుకుంటే డిపాజిట్ కట్టమంటారు. ఆ డబ్బు జేబులోనే ఉండనివ్వండి.

ఎలక్ట్రీషియన్ వచ్చి 16 ఆంపియర్ల ప్లగ్గు, మీటరు దగ్గర్నుంచి విడిగా 2.5 ఎంఎం వైరు అంటాడు. వినకండి. టీవీ ప్లగ్గు ఖాళీగానే ఉంది కదా, కన్వర్టర్ పిన్ను పెట్టి గుచ్చేయండి. అది 6 ఆంపియర్లది, గీజరు లాగేది 8 పైచిలుకు. నెల తిరక్కుండా ప్లగ్గు రంధ్రాల చుట్టూ తెల్ల ప్లాస్టిక్ చాయ్ రంగుకు తిరిగి కాస్త ఉబ్బుతుంది, చేపలు కాలిన వాసన వస్తుంది. అగరొత్తి వెలిగించండి.

ఫ్యూజు పోతుంటే లోపం తీగదే. కటౌట్‌లో మేకులాంటి రాగి తీగ చుట్టేయండి. అప్పుడు ఫ్యూజు కాలదు, గోడలో ఉన్న వైరు కాలుతుంది. అది కళ్లకు కనిపించదు కాబట్టి బాధ తక్కువ. ట్రిప్పు కొట్టే ఎంసీబీ ఉంటే 16 తీసి 32 పెట్టండి. ఎర్తింగ్‌కు గుంత, బొగ్గు, ఉప్పు, పైపు ఎందుకు? నల్లా పైపుకు ఓ తీగ చుట్టండి. గీజరు షాక్ కొడితే స్నానం చేసేవాళ్లకు ముందుగా తెలుస్తుంది.

200 యూనిట్ల దాకా ఉచిత కరెంటిచ్చే గృహజ్యోతి ఉండగా బిల్లు భయమెందుకని అడగండి. 2 కిలోవాట్ల గీజరు రోజుకో గంట ఆడితే నెలకు 60 యూనిట్లు. పాత వాడకం మీద ఇది పడి 200 దాటిందా, ఆ నెల బిల్లు మీదే. దాటితే మీటరు తప్పు తిరుగుతోందని వాదించండి.

అన్నిటికన్నా ముఖ్యమైంది, మీరొక్కరే ఈ పని చేస్తున్నారని నమ్మడం. మీ వాడలో ఇంకో పదకొండు ఇళ్లవాళ్లూ అదే నమ్మకంతో ఉంటారు. అయిదున్నరకు పన్నెండు గీజర్లూ ఒక్కసారి పడితే 24 కిలోవాట్లు. రికార్డులో ఆ ఇళ్లన్నీ తలా ఒకటి. ఎవరూ రాయించలేదు కాబట్టి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలని ఆఫీసులో ఎవరికీ తోచదు. పైగా యాసంగి మోటర్లు అదే లైను మీద ఉంటే వోల్టేజీ 180కి దిగుతుంది. అప్పుడు గీజరు ఇచ్చేది సగం కన్నా కాస్త ఎక్కువ వేడి. నీళ్లు కాగలేదని ఇంకో అరగంట వేసి ఉంచండి. అందరూ అలాగే ఉంచుతారు.

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయాక దాన్ని రిపేరుకు మోసుకెళ్లే ట్రాక్టర్ కిరాయికి చందాలని నలుగురు ఇంటికొస్తారు. మా ఇంట్లో కట్టెల పొయ్యే బాబూ అని చెప్పండి. వాళ్లు లోపలికి రాకముందే గీజరు మీద తువ్వాల కప్పడం మరిచిపోవద్దు.