జీరో టికెట్టు, పదిహేను వేల కోట్ల టికెట్టు

మన ఉదారవాద ఆర్థికవేత్తలు రెండు శాఖలు. ముందు సంపద పెరగనివ్వండి, పంపకాల సంగతి తర్వాత అనేది జగదీశ్ భగవతి శాఖ. చదువూ ఆరోగ్యమూ లేని జనంతో సంపద ఎలా పెరుగుతుందయ్యా అనేది అమర్త్య సేన్ శాఖ. 2013లో గురువులిద్దరూ పత్రికలకెక్కి పోట్లాడుకున్నారు. శిష్యులు మన టీవీ చర్చల్లో ఇప్పటికీ జుట్లు పట్టుకుంటూనే ఉన్నారు. ప్రస్తుతం వాళ్ల చేతికి చిక్కిన జుట్టు, ఆడవాళ్ల ఉచిత ప్రయాణానికి తెలంగాణ ఆర్టీసీ ఇచ్చే జీరో టికెట్టు.

2023 డిసెంబరు నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కే ఆడవాళ్ల చేతికొచ్చిన ఆ కాగితం ముక్క ఖజానాను ముంచేస్తుందని ఒక శాఖ. కాదు, పనికి వెళ్లే ఆడవాళ్లకు అదే పెట్టుబడి అని ఇంకో శాఖ. ఆ బస్సుల వల్ల మెట్రోకు జనం తగ్గారని 2024లో హైదరాబాద్ మెట్రో నడుపుతున్న ఎల్ అండ్ టీ ఉన్నతాధికారి కూడా వాపోయారు. ఇళ్లలో పనిచేసుకునే ఆవిడ మిగుల్చుకున్న బస్సు ఛార్జీకి అంత కంపెనీని కుంగదీసే బలం ఉందని మనకు అప్పుడే తెలిసింది.

ఒక్కసారి తలెత్తి పైన పోయే ఆ మెట్రో రైలునూ చూద్దాం. సర్కారు సాయమేమీ అక్కర్లేదు, మేమే 30,311 కోట్లు ఎదురిస్తామని 2008లో సత్యం కంప్యూటర్స్ అధిపతి కుటుంబ సంస్థ మేటాస్ ముందుకొచ్చింది. ఇది రేపు కుంభకోణమవుతుందని ఢిల్లీ మెట్రో శ్రీధరన్ హెచ్చరిస్తే, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం పరువునష్టం దావా వేస్తామని ఆయన మీదికే లేచింది. ఏడాది తిరక్కముందే సత్యం కూలింది, ఆ బేరమూ పోయింది. తర్వాత ఎల్ అండ్ టీ వచ్చింది. కేంద్రం 1,458 కోట్ల సాయం మంజూరు చేసింది, మాల్స్ కట్టుకోవడానికి భూములూ దక్కాయి. మూసారాంబాగ్ మాల్ వాటిలో ఒకటి. 2018 సెప్టెంబరులో ఎల్బీ నగర్‌కు రైలొచ్చింది. 2025 సెప్టెంబరులో కంపెనీ తప్పుకునేందుకు, దాదాపు 13,000 కోట్ల అప్పు రాష్ట్రం నెత్తికెత్తుకుని, వాటా కింద మరో 2,000 కోట్లు ఇచ్చేందుకు సూత్రప్రాయంగా మాట కుదిరింది.

కరోనా దెబ్బ నిజమే, నష్టాలూ నిజమే. కానీ 35 ఏళ్ల హక్కు పుచ్చుకున్నవాడు నష్టభయాన్నీ పుచ్చుకున్నట్టే కదా? ఉదారవాదంలో అది మొదటి పాఠం. ఆ పాఠం బస్సెక్కే ఆడవాళ్లకేనేమో, రైలు దగ్గరికొచ్చేసరికి రెండు శాఖల గొంతూ తగ్గింది. లాభం గిట్టని ప్రజావసర నిర్మాణాలు రాజ్యమే చేపట్టాలని ఆడమ్ స్మిత్ 1776లోనే రాశాడు. ఆయన మాట వింటే మొదటినుంచీ ప్రభుత్వమే కట్టాలి. వినకపోతే నష్టం కంపెనీకే వదలాలి. మనవాళ్లు మూడో దారి కనిపెట్టారు: ఆశ ఉన్నంతకాలం ప్రైవేటు, ఆశ పోయాక ప్రజలది.

అందుకే మైకు ముందు కూర్చునే పెద్దలకు ఒక విన్నపం. జీరో టికెట్టుకు ఉచితమని పేరు పెట్టారు, కండక్టరు దగ్గర లెక్కా ఉంది. పదిహేను వేల కోట్ల టికెట్టుకూ అదే పేరు పెట్టి చర్చ మొదలుపెట్టండి. అప్పుడు మీలో ఎవరిది ఏ శాఖో మాకూ తెలుస్తుంది.