బిల్లుకూ వయసైపోయింది!

వీధి చివర ఇడ్లీ బండికైనా ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉండాలి. నాన్నను ఉంచే 'హోమ్'కు మాత్రం గేటు మీద ఫ్లెక్సీ, అందులో నవ్వే తాతగారి బొమ్మ ఉంటే చాలనుకుంటున్నారు కొందరు. (ఆ తాతగారూ నెట్‌లోంచి దించిన సరుకే!)

లోపల చూడండి. మోకాళ్ల నొప్పులవారికి రెండో అంతస్తు, లిఫ్టు లేదు. బాత్రూంలో నున్నటి టైల్స్, పట్టుకోవడానికి గోడకు కడ్డీ లేదు. వంటామె, ఆయా, రాత్రి నర్సు... ముగ్గురూ ఒక్కరే. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు ఒకే డబ్బాలో; ఎవరి అదృష్టం వారిది. డల్లాస్ నుంచి అబ్బాయి వీడియో కాల్ చేసే ఆదివారం మాత్రం దుప్పటి మారుతుంది.

హోమ్‌లన్నీ నమోదు కావాలి, కనీస ప్రమాణాలు పాటించాలి అంటూ 2019 డిసెంబరులో కేంద్రం లోక్‌సభలో తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టానికి సవరణ బిల్లు పెట్టింది. అది స్థాయీ సంఘం దాకా వెళ్లి, నివేదిక వచ్చాక కునుకు తీసింది. 2024లో సభతో పాటే కాలం చేసింది. ఇక 2007 నాటి అసలు చట్టం, జిల్లాకు ఒకటైనా ఆశ్రమం పెట్టి కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటివ్వొచ్చని రాష్ట్రాలకు చెప్పి ఊరుకుంది. మీ జిల్లాలో అదెక్కడుందో కలెక్టరేట్‌లో అడిగి చూడండి. 'రేపు రండి' అంటే కంగారెందుకు, మీకింకా అరవై నిండలేదుగా!