కుళాయికి కోడ్ రాద్దాం రండి

వానలు పడకపోతే మన పెద్దలు కప్పలకి పెళ్లి చేసేవారు. ఇప్పుడు హ్యాకథాన్ చేస్తున్నారు. కప్ప పెళ్లిలో కనీసం కప్పకి నీళ్లంటే ఏమిటో తెలుసు.

2017లో మన ప్రభుత్వం మొదలుపెట్టిన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో సాఫ్ట్‌వేర్ పిల్లలు 36 గంటలు నిద్ర మానుకుని సర్కారు సమస్యలు తీరుస్తారు. అంతకుముందే, 2011 అక్టోబరులో, ప్రపంచ బ్యాంకు అనేక దేశాల్లో ఒకేసారి జల హ్యాకథాన్ పెట్టింది. అందులో బెంగళూరూ ఉంది. ఉండాల్సిందే మరి! నీరు పల్లమెరుగు అంటారు గానీ, అక్కడి నీళ్లకి ఆ సుఖం లేదు. కావేరి దాదాపు వంద కిలోమీటర్లు నడిచి, అర కిలోమీటరు ఎత్తు ఎక్కి మరీ రావాలి. 2024 వేసవికల్లా ఊరంతా ట్యాంకర్ల వెంట పరుగులు తీసింది. అప్పట్లో తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా వేశారు. యాప్‌లు ఎన్ని వాడినా జరిమానా లేదు.

కొందరు నిజంగానే మంచి ఆలోచన చేశారు. బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థుల పోటీల్లోంచి పుట్టి హుబ్బళ్లి చేరింది నెక్స్ట్‌డ్రాప్ అనే సంస్థ. వాల్వ్‌మన్ వాల్వ్ తిప్పేముందు ఒక ఫోన్ కొడితే ఆ వీధి వాళ్లకి మెసేజ్ వెళ్లేది, బిందెలు సిద్ధం. ఇంకేం కావాలి? తర్వాత ఇదే పద్ధతి బెంగళూరుకి వెళ్లింది. పరిశోధకులు అక్కడ పరీక్షించి చూసి, 2018లో ఫలితాలు ప్రచురించారు. వాల్వ్‌మన్ల నుంచి ఫోన్లే సరిగా రాలేదట. సంసార భారాలు, డబ్బు ఇబ్బందులు నెత్తిన మోస్తున్న మనిషి ఈ కొత్త చాకిరీ కూడా శ్రద్ధగా ఎందుకు చేయాలో ఏ కోడ్‌లోనూ రాసి లేదు మరి.

అందుకని నాదొక ప్రతిపాదన. ఈసారి పోటీకి వచ్చేవాళ్ల ల్యాప్‌టాప్‌లు గేటు దగ్గర తీసుకుని, తలా ఒక వాల్వ్ తాళం, తలా ఒక వీధి అప్పగించండి. గడువు అదే 36 గంటలు. న్యాయనిర్ణేతలుగా ఖాళీ బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లని పెట్టండి. పీపీటీలు చూపిస్తే బిందెతోనే మార్కులు వేస్తారు.

మా ఊళ్లోనూ యాప్ వచ్చింది. తెల్లవారుజామున నాలుగింటికి కుళాయి విప్పితే ‘సుయ్’మని గాలి. రోడ్డు మీద వాల్వ్‌మన్ కనపడితే అడిగాను:

“ఏం బాబూ, నీళ్లు ఎప్పుడు వదులుతావ్?”

“నన్నడుగుతారేంటి సార్, యాప్‌లో చూసుకోండి.”

“ఆ యాప్‌కి చెప్పాల్సింది నువ్వే కదయ్యా?”

“అవును సార్. ఫోన్‌లో బ్యాలెన్స్ లేదు. ఓ వంద వేస్తారా?”