రాచిప్ప సిద్ధాంతం

జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దగ్గర్లో ప్లాటు కొన్నానని చెప్పగానే మా బావమరిది టీ గ్లాసు కింద పెట్టేశాడు. "హైదరాబాద్ చెత్తంతా పోసిన గుట్ట బావా అది! మల్కారం చెరువు నీళ్ల రంగు చూశావా?" అన్నాడు. నేను నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ప్లాటు కొన్నందుకంటే ఆ నవ్వినందుకే ఎక్కువ సిగ్గేస్తోంది.

"చెరువు పైన, మన బోరు ఎక్కడో కింద. మధ్యలో 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. రాచిప్పలో పులుసు ఎప్పుడైనా పొయ్యిలోకి కారిందా?" అన్నాను. చవగ్గా దొరికిన స్థలాన్ని సమర్థించుకోవాలంటే భూగర్భశాస్త్రం కూడా ఇట్టే వచ్చేస్తుంది.

బోరు బండి వచ్చిననాడు మాత్రం ప్లేటు ఫిరాయించాను. నలభై అడుగుల దాకా మొరం, కేసింగ్ దించారు. ఆ తర్వాత అంతా బండ. నూరు, నూటయాభై, రెండొందలు... ముఖాన తెల్లటి పొడే తప్ప చెమ్మ లేదు. అడుగు అడుగుకీ డబ్బులు కరుగుతుంటే, ముందు రోజు దాకా పొగిడిన బండనే తిట్టుకుంటూ, ఒక్క పగులు తగిలితే చాలని వెంకన్నకు మొక్కుకున్నాను. 210 దగ్గర పొడి బురదైంది. "గ్యాప్ తగిలింది సార్!" అని అరిచాడు డ్రిల్లరు. నీళ్లు ఎగజిమ్మాయి. కొబ్బరికాయ కొట్టాను. ఆ పగులు నా నీళ్ల కోసమే పడిందనీ, దాంట్లోంచి మరేదీ రాదనీ నా ధీమా!

ఏడాది తిరగలేదు, రాత్రి పట్టిన బకెట్ నీళ్లు తెల్లారేసరికి పలచటి టీ రంగుకు తిరిగాయి. పప్పు ఉడకదు. టీడీఎస్ మీటరు పెడితే 2,300. తాగే నీటికి 500 దాటకూడదు. వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా. విచిత్రమేమిటంటే, యార్డుకు నాకన్నా దగ్గరున్న పక్కింటాయన బోరు నిక్షేపంగా ఉంది. ఆయనకు తగిలిన పగులు వేరు, నాకు తగిలింది వేరు.

కొనకముందు చదవాల్సింది అప్పుడు చదివాను. చెత్త ఊటను ఆపేది బండ గట్టితనం కాదు, బంకమట్టి. చెత్తగుంట అడుగున ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర, దాని కింద 90 సెంటీమీటర్ల బంకమట్టి ఉండాలని 2016 నాటి నిబంధనలు చెప్పాయి. ఆ మట్టిలో నీరు ఏడాదంతా నడిచినా మూడు సెంటీమీటర్లు దిగితే గొప్ప. సీసం లాంటి లోహాలను మట్టి రేణువులు పట్టేసుకుంటాయి కూడా. క్లోరైడు మాత్రం ఎవరికీ చిక్కదు, అందరికన్నా ముందు బోరులో తేలేది అదే. ఇక బండ పగుల్లో పట్టుకునేదీ లేదు, వడకట్టేదీ లేదు. దొరికిన సందులో పరుగే.

మొన్న బావమరిది వచ్చాడు. ట్యాంకరు నీళ్లతో కాచిన టీ తాగి, చెప్పులేసుకుంటూ, "బావా, ఆ రాచిప్ప ఎలా ఉంది?" అన్నాడు. అటక మీద భద్రంగా ఉందన్నాను. అది కిందటి సంక్రాంతికే నిలువునా పగిలింది.