ముప్పైమూడు అడుగుల గొలుసు ఆత్మకథ

భూమి కొలతలో రెవెన్యూ గొలుసుగా పేరుబడిన ఈ సాధనం, మూడో మనిషి గురించి చెప్పినట్టు తన కథను తానే చెప్పుకొంటూ, ముందుగా తన పొడవును పరిచయం చేస్తుంది. 1620 ప్రాంతంలో ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ రూపొందించిన 66 అడుగుల గొలుసులో అది సరిగ్గా సగం. ఈ 33 అడుగుల గొలుసులో 16 లింకులు ఉంటాయి. ఆ పొడవు నాలుగు పక్కలా ఉన్న చతురస్రం గుంట, అటువంటి 40 గుంటలు ఎకరం కనుక, కృష్ణా నదికి దగ్గరి అమరచింత ఊరి రైతు తన చేను ఎంతో ఎకరాల్లో, గుంటల్లో చెప్పినప్పుడల్లా ఈ గొలుసు లెక్కే చెబుతున్నాడు.

ఇదే గొలుసుతో ఒక వీడియో ఆట లోకాన్నీ కొలిచి చూడవచ్చు. 2011లో స్వీడన్ నుంచి పూర్తిరూపంలో విడుదలైన మైన్‌క్రాఫ్ట్ ఆటలో లోకమంతా ఘనాకారపు దిమ్మెలే. ఒక్కో దిమ్మె అంచు ఒక మీటరు. గొలుసు పొడవు 10.0584 మీటర్లు గనుక దాన్ని పది దిమ్మెలుగా తీసుకోవాలనిపిస్తుంది. కానీ గుంటకు నూరేసి దిమ్మెల చొప్పున ఎకరానికి 4,000 దిమ్మెలు పరిస్తే, అసలు ఎకరం 4,046.86 చదరపు మీటర్లు కాబట్టి, దాదాపు 47 దిమ్మెల నేల తరిగిపోతుంది. అంతకన్నా చిన్న జాగా కోసం గట్టు తగాదాలు పడే పొలాల్లో పనిచేసిన సాధనానికి ఈ తరుగు చిన్నది కాదు.

ఆటలో ప్రతి చోటుకూ నిరూపకాలు, అంటే స్థానాన్ని తెలిపే అంకెలు, ఉంటాయి: ఎక్స్ తూర్పుకు, జెడ్ దక్షిణానికి, వై పైకి పెరుగుతాయి. ఎక్స్ 100 నుంచి 110కి దూరం పది, అయితే ఆ రెండు కొసలనూ కలుపుకొని గోడ కడితే పట్టే దిమ్మెలు పదకొండు. గొలుసు లాగేవారు గొలుసు పొడవు పూర్తయిన ప్రతిసారీ ఒక ఇనుప సూది గుచ్చి, కొలత మొదలైన చోటి మేకును లెక్కలో కలపకపోవడం ఈ తేడా తెలిసిన పద్ధతే. మూలగా పోయే దూరానికి పైథాగరస్ సూత్రం కావాలి. తూర్పుకు 30, దక్షిణానికి 40 ఉన్న చోట సూటి దూరం 50, పక్కల వెంట పోతే 70.

వాలులో మాత్రం ఆట లోకమే గొలుసు పద్ధతిని పాటిస్తుంది. నేల వాలుగా ఉన్నప్పుడు గొలుసును నేలకు ఆనించి లాగితే దూరం ఎక్కువగా వస్తుంది కాబట్టి, దాన్ని మట్టసంగా పట్టి, కొసన గుండు కట్టిన దారం వేలాడదీసి, మెట్లు మెట్లుగా కొలుచుకుంటూ దిగుతారు. దిమ్మెల కొండ పుట్టుకతోనే మెట్లు; అందుకే ఎక్స్, జెడ్ అంకెల తేడా నేరుగా మట్టపు దూరాన్ని ఇస్తుంది, టీపన్‌లో, అంటే సర్వే నంబరు హద్దుల కొలతలు రాసిన పత్రంలో, ఉండేదీ ఆ దూరమే.

ఎత్తు దగ్గర చిక్కు పెద్దది. అమరచింతకు దగ్గరలో కృష్ణా నదిపై ఉన్న ప్రియదర్శిని జూరాల జలాశయం పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 318.516 మీటర్లు. 2021 చివర్లో వచ్చిన మార్పు తరువాత ఆట లోకానికి అడుగు −64, కప్పు 320. అందులో సముద్రతలం 63 దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి జూరాలను అసలు ఎత్తులో కడితే నీటి గీత 381 దాటి, కప్పుకు 61 మీటర్లు పైన పడుతుంది. కాబట్టి సర్వేయరు ముందుగా బెంచ్‌మార్కును, అంటే ఎత్తులు లెక్కించే స్థిర బిందువును, నిర్ణయించుకొన్నట్టే, ఆటలో కట్టేవారు సముద్రమట్టం నుంచి లెక్కించిన ప్రతి అసలు ఎత్తులోంచి 250 తీసివేసి, మిగిలినదాన్నే వైగా తీసుకోవాలని మొదటే రాసుకోవాలి. అప్పుడు నీటి గీత వై 68.5 వద్దకు వస్తుంది. ఆ అరను చూపడానికి ఆటలో స్లాబ్ అనే సగం ఎత్తు దిమ్మె ఉంది.